నెల్లూరు కాలనీ పార్కులో ద్రాక్షపందిరి వేయొచ్చా?

చెక్ రాజధాని ప్రాగ్‌లోని గ్రేబోవ్కా పార్కులో ద్రాక్షతోట చూసి వచ్చారు. మీ కాలనీ పార్కులో ఒక మూల అలాంటిది వేస్తే మన ఎండకు బతుకుతుందా అని అడిగారు. తప్పకుండా బతుకుతుంది. దర్గామిట్టలో మా ఇంటి వెనక పందిరి ఏళ్లుగా కాస్తోంది. తంటా ఎండతో కాదండీ, వానతో.

ప్రాగ్ చుట్టూ కొండవాలుల్లో ద్రాక్ష నాటమని అప్పటి చెక్ రాజు నాలుగో చార్లెస్ 1358లోనే ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడ చలికి ఆకు రాలి తీగ నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది. మనకు ఆ చలి లేదు, తీగ ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. ఆ చలి చేసే పని మనం కత్తెరతో చేయాలి, అదీ ఏడాదికి రెండుసార్లు. వేసవిలో ఒకటి రెండు కణుపులు ఉంచి కొట్టేస్తే కొత్త కొమ్మలొస్తాయి. వాటికి ఎండ బాగా తగిలితేనే కణుపుల్లో పూత తయారవుతుంది. రెండో కత్తిరింపుకి ఆ పూత బయటికొస్తుంది.

అసలు కిటుకు ఆ రెండోదాన్ని ఎప్పుడు చేస్తామన్నదే. మహారాష్ట్ర రైతులు అక్టోబరులో చేస్తారు, వాళ్లకు అప్పటికి వానలు తగ్గుతాయి. మనకు వానలు, తుపాన్లు మొదలయ్యేదే అప్పుడు. లేత చిగురు మీద నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులు గుత్తుల్ని మాడ్చేస్తుంది. అందుకే మేం డిసెంబరు చివర, ముసురు వదిలాక కత్తిరిస్తాం. ఏప్రిల్ ఆఖరుకి పండ్లు చేతికొస్తాయి.

తెగులుకి బోర్డో మిశ్రమం చాలు. లీటరు నీళ్లకి పది గ్రాముల మైలుతుత్తం, పది గ్రాముల సున్నం. రెండూ ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి, తర్వాత ఒకటి చేసి ఆ రోజే చల్లాలి. పిల్లలు ఆడే చోటు కాబట్టి ఆ రోజు పందిరి కిందకి ఎవర్నీ రానివ్వకండి.

రకమంటారా, తమిళనాడు కంబం లోయలో పండే పన్నీర్ ద్రాక్ష తెచ్చుకోండి, మన వేడికి అలవాటు పడ్డది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం ఉప్పును ఓర్చుకునే డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష రకం వేరు మీద అంటుకట్టిన మొక్కే అడగండి. లేకపోతే ఆకుల అంచులు మాడిపోతాయి. కత్తిరించే బాధ్యత మాత్రం కాలనీలో ఒక్కరికే అప్పగించండి, తలా ఒక కొమ్మ కొడితే పూత పోతుంది. కాయ రంగు తిరగ్గానే వల కట్టేయండి, గోరింకలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయి.