ఓపీకి పోతున్న మా అబ్బోడికి

నాయనా,

నిన్ను ఓపీ పార్టీలో, అంటే ముందుకు పోయి మన ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి వెనకున్న గన్లకు రేడియోలో చెప్పే అబ్జర్వేషన్ పోస్ట్ జట్టులో, వేశారని ఫోన్లో చెప్పి, వెంటనే "పెదనాన్నా, అవతలి నుంచి గుండ్లు పడుతుంటే నేను తట్టుకుంటానా?" అని అడిగావు. అప్పుడు ఏదో సర్దిచెప్పా గానీ అది జవాబు కాదు, అందుకే ఇది రాస్తున్నా.

భయం వేస్తుంది. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర రేడియో సెట్ మోస్తూ ఇన్‌ఫాంట్రీ వెనక కొండెక్కుతుంటే నాకు కాళ్లు వణికాయి, చలికి అని చెప్పుకున్నా. పైన కూర్చున్న పాకిస్తానోళ్లకు శ్రీనగర్-లే రోడ్డు అరచేతిలో ఉన్నట్టు కనిపించేది, లారీ కదిలితే చాలు గుండు పడేది. వాళ్ల అబ్జర్వర్ కూడా పని తెలిసినోడే మరి.

మన పనిలో ధైర్యమంతా అరనిమిషంలో ఉంటుంది. వెనక ఎక్కడో మన బోఫోర్స్ ఫిరంగి పేలుతుంది, రేడియోలో "షాట్" (గుండు వదిలాం) అంటారు, ఇక ఆ 43 కిలోల గుండు కొండలు దాటి వచ్చి పడేదాకా ఉన్న టైములో, అందరూ తల దించుకుంటే నువ్వు ఎత్తాలి. ఎక్కడ పడిందో చూసినోడే "లెఫ్ట్ 100, యాడ్ 200" (వంద మీటర్లు ఎడమకు, రెండొందలు ఇంకా దూరం) అనగలడు. మా కెప్టెన్ సార్ చుట్టూ మోర్టార్లు పడుతున్నా బైనాక్యులర్ దించలేదు, గొంతు మాత్రం అంగట్లో కందిపప్పు అడిగినట్టు ఉండేది.

ఇంకోటి. కొండల్లో గుండు కాస్త ఎక్కువ పోయిందంటే అవతలి లోయలో పడుతుంది, పొగ కూడా కనబడదు. ఒకసారి అట్లే అయితే నేను తొందరపడి "సార్, డ్రాప్ 200 అందాం" అన్నా, అంటే గుండును రెండొందల మీటర్లు ఇవతలికి తెమ్మని. ఆయన నన్నొక చూపు చూసి రేడియోలో "కనబడలేదు" అనే చెప్పాడు. కింద మనవాళ్లు పాకుతూ ఎక్కుతున్నారు, నా అంచనా తప్పైతే తర్వాతి గుండు వాళ్ల మీదే. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

(2022లో ద్రాస్‌లోని పాయింట్ 5140కి గన్ హిల్ అని పేరు పెట్టారు. గన్లకు పేరొచ్చింది, చూసి చెప్పినోడికి రాలేదు. పోనీలే.)

సెలవు ఇంకా ఉంది కదా, చంద్రగిరి కోట కొండెక్కు. చెయ్యి చాచి ఒక వేలు అడ్డం పెడితే దాదాపు 30 మిల్స్ (గన్లోళ్ల కోణం కొలత), అంటే కిలోమీటరు దూరంలో 30 మీటర్లు. కింద ఏదో ఒక చెరువు కట్టను అట్లా అంచనా వేసి, తర్వాత దిగి నడిచి కొలువు. ఉరుములొస్తే మెరుపు నుంచి లెక్కపెట్టు, మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు, వాళ్ల గన్ మెరుపు కనబడినా ఇదే లెక్క. శ్రీవారి మెట్టు మీద బరువు వీపున వేసుకుని ఎక్కి, ఆయాసం తీరకముందే ఆరంకెల గ్రిడ్లు (మ్యాప్ మీద చోటు చెప్పే నంబర్లు) పైకి చదువు, మీ చెల్లెల్ని రాసుకోమను. ఆయాసంలో ఫైవ్, నైన్ ఒకేలా వినిపిస్తాయి, ఎన్ని తప్పులొచ్చాయో నాకు చెప్పు.

మీ అమ్మకు ఓపీ అంటే ఆఫీసు పని అని చెప్పి పెట్టా, నువ్వు వేరేగా చెప్పొద్దు. రేడియో బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది, స్పేర్‌ది చొక్కా లోపల పెట్టుకో.

పెదనాన్న