సమాధానం: బిల్లుల డేటా ఉంది, ఏం చేయాలి?
అన్నా, ఎదురుగా సూపర్ మార్కెట్ వచ్చి మీ కిరాణా కొట్టుకు గిరాకీ తగ్గిందని, అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్ (అమ్మకాల లెక్కలు విశ్లేషించేది) కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. రెండేళ్ల బిల్లులు ఎక్సెల్‌లోకి దించి పివట్ టేబుల్ (బిల్లులన్నీ కలిపి మొత్తాలు చూపే పట్టిక) వేయండి. వరుసల్లో సరుకు, పైన నెల, మధ్యలో అమ్మకం. వాళ్లు తెరిచిన నెల నుంచి ఏది పడిందో తెలిసిపోతుంది. నా కొట్లో పడింది సబ్బులు, షాంపూలే. విడి పప్పులు, చింతపండు తగ్గలేదు. సబ్బుల అరలో సగం పప్పులకిచ్చేశాను.

'కందిపప్పు', 'కంది పప్పు' అని రెండు రకాలుగా ఎక్కి ఉంటే ముందు సరిచేయండి, లేకపోతే రెండు సరుకులుగా లెక్కేస్తుంది. నాకు ఓ ఆదివారమంతా దానికే పోయింది! పండగ నెలలతోనూ జాగ్రత్త: దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. నెలకు నెల పోలిస్తే అనవసరంగా టెన్షన్ పడతారు.