దోమల మీద పరిశోధన చేస్తానంటోంది, నీట్ మానిపించాలా?

ప్రశ్న: మాది నెల్లూరు, పద్నాలుగేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి సెకండ్ పీయూ (మన ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. కిందటేడాది డెంగీ వచ్చి వారం పైగా ఆసుపత్రిలో ఉంది. అప్పటి నుంచి దోమల జన్యువులు మార్చి జబ్బులు ఆపొచ్చు, నేను అదే చదువుతాను, నీట్ లాంగ్ టర్మ్ వద్దు అంటోంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు బీటెక్ జెనెటిక్ ఇంజనీరింగ్ సీటు ఇస్తామంటున్నారు, వచ్చే వారంలోపు లక్ష రూపాయలు కట్టాలట. బీటెక్, బీఎస్సీ, బీఎస్-ఎంఎస్... మూడింట్లో ఏది మేలు? ప్యాకేజీ ఎంత వస్తుంది? అసలు ఈ దోమల పని మన దేశంలో జరుగుతుందా?

జవాబు: సార్, ముందు ఆ లక్ష కట్టకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇలాంటి ప్రశ్న నాకు ప్రతి వేసవిలో వస్తూనే ఉంటుంది. కోర్సు పేరొక్కటే మారుతుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ, తర్వాత నానో, ఇప్పుడు జీన్ ఎడిటింగ్. పైకి అడిగేది ఏ కోర్సు అని. లోపల ఉన్న భయం మాత్రం, డాక్టరు కాకపోతే పిల్ల బతుకు ఏమైపోతుందో, ఊళ్లో పెళ్లికి వెళ్తే మీ అమ్మాయి ఏం చేస్తోంది అన్నవాళ్లకి దోమలు పెంచుతోందని ఎలా చెప్పుకోవాలో అని. ఈ భయం పడటం తప్పని నేననను. కానీ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టుకున్నది దోమ పొట్ట కోసి చూసే. ఆయన డాక్టరే, ఐదేళ్లకే నోబెల్ కూడా వచ్చింది. దోమల పని చిన్న పనేం కాదు.

ముందు అమ్మాయి ఏం చదువుతానంటోందో మీకు తెలియాలి. కుట్టేది ఆడదోమే, మగదోమ కుట్టదు. ఆక్సిటెక్ అనే బ్రిటిష్ కంపెనీ డెంగీ దోమలో ఒక జన్యువు పెట్టింది. అది ఉన్న ఆడ లార్వా పెద్దదవకుండానే చచ్చిపోతుంది. ల్యాబ్‌లో టెట్రాసైక్లిన్ జాతి మందు నీళ్లలో కలిపితే ఆ జన్యువు పనిచేయదు కాబట్టి దోమల్ని అక్కడ పెంచుకోగలుగుతారు. బయట ఆ మందు ఉండదు. అందుకని వదిలిన మగదోమలు బయటి ఆడదోమలతో జతకడితే, వాటి పిల్లల్లో ఆడవి చచ్చి మగవే మిగులుతాయి. అమెరికాలో ఫ్లోరిడా కీస్ దీవుల్లో 2021లో వీటిని వదిలారు, బ్రెజిల్‌లోనైతే నీళ్లు పోస్తే దోమలు పుట్టే పెట్టెలు జనమే కొనుక్కునే దాకా వచ్చింది. ఇంకో రకం జీన్ డ్రైవ్. అందులో పెట్టిన జన్యువు సగం పిల్లలకు కాదు, దాదాపు అన్నింటికీ వెళ్తుంది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు బోనులో పెట్టిన మలేరియా దోమల జనాభాను 7 నుంచి 11 తరాల్లో పూర్తిగా పడగొట్టారు. అయితే అది బోనులో.

ఇక నా అనుమానాలు. మన దగ్గర ఈ కథ పాతదే. 1970ల మొదట్లో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి దోమల జన్యు నియంత్రణ యూనిట్ నడిపాయి. సోనీపత్‌లో దోమలు వదలడానికి అంతా సిద్ధమయ్యాక, దీని వెనక జీవాయుధాల పరిశోధన ఉందేమోనని పత్రికల్లో, పార్లమెంటులో గొడవ లేచి, 1975లో ఆ పనే ఆగిపోయింది. మళ్లీ 2017లో మహారాష్ట్ర జాల్నా జిల్లాలో ఆక్సిటెక్ దోమలకు బోనుల్లో పరీక్షలు మొదలుపెట్టారు, బయట వదిలేదాకా రాలేదు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో 2019లో ఒక ఊళ్లో జన్యువు మార్చిన దోమలు వదలనిచ్చింది, 2025 ఆగస్టులో ప్రభుత్వమే ఆ ప్రాజెక్టును ఆపించేసింది. అంటే ల్యాబ్‌లో పదేళ్లు కష్టపడ్డాక ఒక్క ఉత్తర్వుతో పని ఆగిపోయే రంగం ఇది. అక్కడి జనం భయాలను కూడా కొట్టిపారేయలేం. తమ ఊళ్లో ఏం వదులుతున్నారో అడిగే హక్కు వాళ్లకుంది.

అందుకే ఈ ఒక్క దోమనే నమ్ముకుని, దాని పేరు మీద పెట్టిన డిగ్రీకి డబ్బు కట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. రెండేళ్ల కిందట నేను అలాంటి ఒక కాలేజీకి వెళ్లాను. బ్రోషర్ మీద పెద్ద డీఎన్ఏ బొమ్మ. ల్యాబ్‌లో అరవై మంది పిల్లలకు ఒకటే పీసీఆర్ మెషిన్ (డీఎన్ఏ ముక్కకు కాపీలు తీసేది), దానికీ ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది. దీని మీద ఎప్పుడు చేశారమ్మా అని థర్డ్ ఇయర్ పిల్లను అడిగితే, సార్ చేసి చూపించారు అంది. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది. వాళ్ల నాన్నా మీలాగే నమ్మి కట్టి ఉంటాడు.

అసలు పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను. నా దగ్గర సలహాకి వచ్చిన ఒకమ్మాయి ఇప్పుడు దోమల ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. దోమ పెట్టిన గుడ్డు మొదట తెల్లగా ఉంటుందట, రెండు గంటలైతే నల్లబడి గట్టిపడుతుంది. లేత బూడిద రంగులో ఉన్నప్పుడే, మిల్లీమీటరు కూడా లేని ఆ గుడ్లను వరసగా పేర్చి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నటి గాజు సూదితో ఒక్కోదానికీ గుచ్చాలి. వందలకు వందలు గుచ్చితే బతికేవి కొన్ని, జన్యువు నిలిచేవి ఏ ఒకటో రెండో. జన్యువు నిలిచిందనడానికి గుర్తుగా లార్వా ప్రత్యేక వెలుగులో ఎర్రగా మెరిసిన రోజు రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసింది. మెరవని రోజుల్లో ఎవరికీ ఫోన్ చేయదు, ట్రేలు కడుక్కుని మళ్లీ మొదలుపెడుతుంది. మీ అమ్మాయికి ఇంత ఓపిక ఉందా అన్నదే నేనైతే చూసేది.

ఆ ఓపిక ఉంటే భయం లేదు సార్. ఈ చేతిపని ఒక్క దోమకే అంటుకుని ఉండదు. అదే సూది, అదే పీసీఆర్, అదే లెక్కలు వ్యాక్సిన్లకూ పనికొస్తాయి, పంట పురుగులకూ, ఆసుపత్రి టెస్టులకూ పనికొస్తాయి. జన్యువు మార్చని దారులూ ఉన్నాయి. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వాళ్ల వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వొల్బాకియా అనే, దోమలో డెంగీ వైరస్‌ను సరిగా పెరగనివ్వని బ్యాక్టీరియా ఉన్న దోమల్ని తయారు చేసింది. ఆ పద్ధతితో ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి. అదే సెంటర్లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ కూడా ఉంది. మీకింకా దగ్గరగా కావాలంటే హెబ్బాళ్ దాటాక బళ్లారి రోడ్డులో జీకేవీకే క్యాంపస్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఫర్ జెనెటిక్స్ అండ్ సొసైటీ ఉంది, అక్కడ దోమల మీద కూడా పని చేస్తారు. మీరు ఇన్నేళ్లుగా ఉంటున్న ఊళ్లోనే ఉన్నదాన్ని చూపించకుండా, పిల్లను ఎక్కడికో పంపడానికి లక్ష సిద్ధం చేసుకున్నారు!

కోపంగా అంటున్నానని అనుకున్నా సరే, ఇంకో మాట అనాలి. మీ ఉత్తరంలో ప్యాకేజీ ఉంది, ఫీజు ఉంది, అమ్మాయికి బయాలజీలో ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఆసుపత్రి మంచం మీద ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆ పిల్ల ఏం ఆలోచించిందో మీరు ఎప్పుడైనా అడిగారా? నీట్‌కి భయపడి తప్పించుకుంటోందేమోనన్న అనుమానం మీకుంది కదా, దాన్ని మనసులో పెట్టుకుని నాకు రాసే బదులు, కూర్చోబెట్టి మెల్లగా అడగండి. ఒకవేళ భయమే అయితే అదీ చెప్పుకోనివ్వండి, తిట్టకండి. నీట్ ఒకసారి రాయడంలో నష్టం లేదు, చదివిన బయాలజీ ఎక్కడికీ పోదు. ఇష్టం లేని పిల్లను ఏడాదంతా లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

మీరడిగిన మూడింటి సంగతి. మార్కులు సహకరిస్తే ఐఐఎస్‌సీ, ఐసర్ లాంటి కేంద్ర సైన్స్ సంస్థల్లో బీఎస్ లేదా బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపి ఒకే కోర్సు) మొదటి మాట. అది రాకపోతే మంచి ల్యాబ్ ఉన్న పాత కాలేజీలో జువాలజీ, జెనెటిక్స్ ఉన్న బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీకి పెద్ద సంస్థకు వెళ్లడం. చవక, గౌరవంగా ఉంటుంది, దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు కానీ పనికొచ్చే దారి. ప్రైవేట్ బీటెక్ చివరన. ప్యాకేజీ అన్నారు కాబట్టి, పీహెచ్‌డీలో చేరి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె. ఐటీతో పోల్చి చూడకండి, మొదటి పదేళ్లు తక్కువే వస్తుంది, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి.

ఆ యూనివర్సిటీకే వెళ్లాలని ఇంకా ఉంటే, ఈ శనివారం అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసులో కూర్చోకుండా నేరుగా ల్యాబ్‌కి వెళ్లి, థర్డ్ ఇయర్ పిల్లల్ని అమ్మాయినే అడగమనండి, మీ చేత్తో మీరు ఏం చేశారు అని. మీరు బయట నిలబడండి.