రేసులో డ్రైవర్ మరణిస్తే అతని కారు నంబరును ఇక ఎవరికీ ఇవ్వరా?

ఇవ్వకూడదన్న నియమమేమీ లేదు. ఫార్ములా వన్‌లో అలా శాశ్వతంగా పక్కన పెట్టింది ఫ్రాన్స్ డ్రైవర్ జూల్స్ బియాంకీ నంబరు 17 ఒక్కటే.

2013 వరకు నంబరు జట్టుకు కేటాయించేవారు, డ్రైవరుకు కాదు. అందుకే 1994 మే 1న ఇటలీలోని ఇమోలా రేసులో బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా మరణించాక, ఆయన నడిపిన విలియమ్స్ జట్టు కారు 2వ నంబరుతోనే ఆ ఏడాది డేవిడ్ కూల్టార్డ్ పోటీ చేశాడు. 2014 నుంచి డ్రైవరే నంబరు ఎంచుకుంటున్నాడు. జట్టు మారినా అది అతని వెంటే ఉంటుంది. ఆ ఏడాది అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో జరిగిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన బియాంకీ 2015 జులై 17న కన్నుమూశాడు. 17 అతను స్వయంగా ఎంచుకున్నది కాబట్టి దాన్ని మరొకరికి ఇవ్వకపోవడం సహజంగా అనిపించింది.

నంబరు కొనసాగితే చనిపోయిన వాడిని మరిచిపోయినట్లేనని అభిమానుల్లో కొందరు అనుకుంటారు. అది అపోహ. సెన్నా, అంతకు ముందురోజు మరణించిన రోలాండ్ రాట్జెన్‌బర్గర్‌ల కోసం తర్వాతి మొనాకో రేసులో, కార్లు బయలుదేరే వరుసలో మొదటి రెండు స్థానాలను ఖాళీగా వదిలారు. విలియమ్స్ జట్టు రెండింటికి బదులు ఒక్క కారునే దింపింది. మనకు దగ్గరలోని చెన్నై ట్రాక్‌లో 2023 జనవరిలో సీనియర్ రేసర్ కె.ఇ.కుమార్ మరణించినప్పుడు ఆనాటి మిగిలిన పోటీలన్నీ రద్దు చేశారు.

వీటన్నిటికన్నా నేను గొప్ప నివాళిగా భావించేది ఒకటుంది: 1994లో డ్రైవర్లు భద్రత కోసం తమ సంఘాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు.