ఆటలో ఊరు ఖాళీగా అనిపిస్తోందన్న ప్రశ్నకు సమాధానం

మీరు తయారుచేస్తున్న వీడియో గేమ్ మొదట్లో మూడు పేజీల కథ పెడితే అందరూ స్కిప్ కొట్టేస్తున్నారని, ఊరు సినిమా సెట్టింగులా ఉందంటున్నారని రాశారు కదండీ. ఆ పేజీలు తీసేయండి. అందులో ఉన్నదంతా ఊళ్లోనే కనబడాలి.

2007లో వచ్చిన బయోషాక్ అనే వీడియో గేమ్ ఆడి చూడండి. సముద్రం అడుగున కట్టిన రాప్చర్ నగరంలోకి 1960లో అడుగుపెడతాం. అక్కడి కాశ్మీర్ అనే రెస్టారెంట్‌లో 1959కి స్వాగతం చెప్పే బ్యానర్లు ఇంకా అలాగే ఉంటాయి. మన మీదికొచ్చే వాళ్లలో కొందరి మొహాలకు ఆ కొత్త సంవత్సరం పార్టీ మాస్కులే! అక్కడివాళ్లు రికార్డు చేసి వదిలేసిన ఆడియో డైరీలు వినకపోయినా, ఆ రాత్రి ఏదో ఘోరం జరిగిందని, తర్వాత ఎవరూ అక్కడ ఊడ్చనైనా లేదని తెలిసిపోతుంది. నాకైతే ఒళ్లు జలదరించింది.

మీ కథలో చెరువు ఎండిపోయిందన్నారు. అయితే గట్టు మీద పడవ బోర్లా పడి ఉండాలి. బావి గిలక దగ్గర తాడుకు ఇంకో తాడు ముడేసి ఉండాలి. మీ ఆటలో ఎంత దాహమేస్తోందో చూపే దాహం మీటర్ ఉంది కాబట్టి నీళ్లు తోడటానికి ఎక్కువసేపు పట్టేలా చెయ్యండి. కరువంటే ఏంటో అప్పుడు చేతికి తెలుస్తుంది.

ముందు ఒక్క వీధి ఇలా చేసి, కథ తెలియనివాళ్లతో ఆడించండి. ఆడాక ఇక్కడేం జరిగిందనుకుంటున్నారో అడగండి.