పాత స్పై సీరియల్స్‌లో ఒక్క ఎపిసోడ్ చూడాలంటే? ‘పదిహేడు క్షణాలు’ మూడో భాగం

పాత స్పై సీరియల్స్‌లో ఒక్క ఎపిసోడ్ చూడమంటే ఏది చూడాలి, అవి ఇప్పుడు బోర్ కొట్టవా అని అడిగారు. నా జవాబు ఒక్కటే. 1973 నాటి సోవియట్ సీరియల్ ‘వసంతంలో పదిహేడు క్షణాలు’, అందులో మూడో భాగం. బోర్ సంగతి తర్వాత చెబుతాను. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

స్పై అనగానే మనవాళ్ళకి లండన్, వాషింగ్టన్ తప్ప ఇంకో ఊరు గుర్తు రాదు. సూటు, కారు, పిస్తోలు, పక్కన అందమైన అమ్మాయి. అవతలి పక్షానికీ గూఢచారులు ఉంటారు కదా, వాళ్ళ కథలు వాళ్ళు ఎలా తీసుకున్నారో చూద్దాం అని ఎవరికీ అనిపించదు. నేను గట్టిగా చెబుతున్నాను, గూఢచారి బతుకును ఇంత నిజంగా చూపించిన టీవీ సీరియల్ ఏ దేశంలోనూ రాలేదు.

కథ క్లుప్తంగా. 1945 ఫిబ్రవరి, మార్చి నెలలు. బెర్లిన్ మీద బాంబులు పడుతున్నాయి. యుద్ధం ఎలా ముగుస్తుందో అందరికీ అర్థమైపోయింది. ఎస్ఎస్ అనే నాజీ దళంలో పెద్ద హోదాలో ఉన్న ష్టిర్లిట్స్ అసలు పేరు మక్సీమ్ ఇసాయెవ్, సోవియట్ మనిషి. నాజీ పెద్దల్లో ఎవరో రష్యాకు తెలియకుండా అమెరికావాళ్ళతో సంధి బేరాలు ఆడుతున్నారు, అదెవరో కనిపెట్టమని మాస్కో ఆదేశం. ష్టిర్లిట్స్ కల్పితమే కానీ బేరం నిజం. ఎస్ఎస్ జనరల్ కార్ల్ వోల్ఫ్, అమెరికా గూఢచార విభాగం తరఫున అలెన్ డల్లెస్ 1945 మార్చిలో స్విట్జర్లాండ్‌లో కలుసుకున్నారు. దాన్ని పట్టుకుని యులియాన్ సెమ్యోనొవ్ నవల రాశాడు, తత్యానా లియోజ్నొవా అనే మహిళ సీరియల్ తీసింది. 12 భాగాలు, ఒక్కొక్కటి గంట పైనే, అంతా నలుపు తెలుపు.

మూడో భాగంలో ‘ఎలిఫెంట్’ అనే కాఫీ హోటల్ వస్తుంది. ష్టిర్లిట్స్ ఏళ్ళ తరబడి జర్మన్‌గా బతుకుతున్నాడు. భార్య రష్యాలో ఉంది. పైవాళ్ళు ఎలాగో ఏర్పాటు చేసి ఆమెను ఆ హోటల్‌కు తీసుకొస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవచ్చు, అంతవరకే. పలకరించుకోకూడదు, ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు, తెలిసినవాళ్ళలా కనపడకూడదు. ఆమె ఒక మనిషి తోడుగా వచ్చి దూరంగా ఇంకో బల్ల దగ్గర కూర్చుంటుంది. పియానో మోగుతూ ఉంటుంది, మికాయెల్ తరివెర్దియెవ్ కట్టిన బాణీ. ఐదారు నిమిషాల పాటు కెమెరా ఆ రెండు ముఖాలనీ మార్చి మార్చి చూపిస్తుంది. ష్టిర్లిట్స్‌గా వేసిన వ్యచెస్లావ్ తీఖనోవ్ ముఖంలో కళ్ళు తప్ప ఏదీ కదలదు. భార్యగా వేసిన ఎలియొనోరా షష్కోవా ముఖంలో మాత్రం నవ్వు వచ్చీ రాకుండా ఆగుతుంది, కళ్ళు నిండబోతుంటే ఆపుకుంటుంది, చూపు తిప్పుకోవాలనుకుని తిప్పుకోలేకపోతుంది. ఇక వెళ్దాం అన్నట్టు తోడు వచ్చిన మనిషి సైగ చేస్తాడు. ఆమె లేచి వెళ్ళిపోతుంది. అతను కూర్చునే ఉంటాడు. వాళ్ళిద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఈ సీన్ నవల్లో లేదు. నిజం గూఢచారులకు భార్యలను ఇలా దూరం నుంచి చూపించిన సందర్భాలు ఉన్నాయని కొనొన్ మొలొద్యీ నుంచి తీఖనోవ్ విన్నాడని, అక్కడి నుంచే ఇది సీరియల్‌లోకి వచ్చిందని చెబుతారు. మొలొద్యీ అంటే లండన్‌లో వ్యాపారిగా మారుపేరుతో బతికి 1961లో పట్టుబడ్డ సోవియట్ గూఢచారి.

నేను ఇది మొదటిసారి చూసింది వోల్గోగ్రాద్‌లో, 90లలో, మెడిసిన్ చదవడానికి వెళ్ళిన కొత్తల్లో. మొదటి ఏడాది అంతా భాష నేర్చుకోవడమే. రొట్టెల కొట్టులో చిల్లర లెక్క అడగడానికే నాలుక తిరగని రోజులు. మే 9 విజయదినం దగ్గర పడితే టీవీలో యుద్ధం సినిమాలు వరసగా వేసేవారు. హాస్టల్ కింద గదిలో ఉన్న ఒక్క టీవీ ముందు డ్యూటీ బామ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది. మేం నలుగురైదుగురు తెలుగు పిల్లలం నేల మీద. మా సీనియర్ ఒకాయన, గుంటూరు అన్న, ప్రతి డైలాగూ మా చెవిలో తెలుగులో చెబుతూ ఉండేవాడు. హిమ్లర్ ఏమన్నాడు, షెలెన్‌బెర్గ్ ఏం పన్నాగం పన్నాడు, అన్నీ. బామ్మ విసుక్కుని “తీషె!” అనేది, నెమ్మదిగా అని. అన్న గొంతు తగ్గించేవాడు కానీ ఆపేవాడు కాదు.

ఈ సీన్ వచ్చింది. అన్న గొంతు ఆగిపోయింది. ఎందుకు చెప్పట్లేదా అని నేను అతని వైపు తిరిగాను. నా పక్కన కూర్చున్న కోనసీమ కుర్రాడు “ఎవరన్నా ఆవిడ?” అని అడిగాడు. “వాళ్ళావిడరా” అన్నాడు అన్న. అంతే, ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సింది ఏమీ లేదు కూడా. సగం మాటలు కూడా అర్థంకాని మాకు ఆ ఐదారు నిమిషాలూ పూర్తిగా అర్థమయ్యాయి. కోనసీమ కుర్రాడి వాళ్ళ నాన్నగారు కువైట్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చేవారు. వాడు సీన్ అవ్వకముందే లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. అడిగితే నిద్రొస్తోంది అన్నాడు.

బామ్మ మాత్రం కదల్లేదు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, తాగడం మరిచిపోయింది. ఆ ఊరి పాత పేరు స్టాలిన్‌గ్రాద్, రెండో ప్రపంచయుద్ధంలో ఘోరమైన పోరు జరిగిన చోటు. ఆమె వయసు మనిషికి అక్కడ ఏం పోయి ఉంటుందో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ సీరియల్ అంతకు ముందు ఎన్నిసార్లు చూసి ఉంటుందో, అయినా ఆ సీన్ నడుస్తున్నంతసేపూ కళ్ళు తెర మీదనుంచి తిప్పలేదు.

ఇప్పుడు బోర్ సంగతి. స్లోగా ఉంది అనేవాళ్ళు ఆ సీరియల్‌ను ఎలా చూస్తున్నారో నాకు తెలుసు. చేతిలో ఫోను, టీవీలో సినిమా, నచ్చకపోతే పది సెకన్లు ముందుకి. ఈ సీన్‌లో పది సెకన్లు ముందుకి నొక్కితే షష్కోవా ముఖంలో ఒక మార్పు మొత్తం పోతుంది. వేగం పెంచి ఒకటిన్నర రెట్లలో చూసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. మన డైలీ సీరియల్స్ చేసిన పాపం ఇందులో చాలా ఉంది. ఎవరైనా ఒక్క మాట అంటే కెమెరా ఆమె ముఖం మీదికి మూడుసార్లు దూకుతుంది, దూకినప్పుడల్లా ఢమ్మని శబ్దం. ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఏడవాలో వాయించి చెప్తే తప్ప మనకి తెలియకుండా పోయింది. గూఢచారి పని అంటే పరిగెత్తడం, కాల్చడం అనుకుంటాం. లేవాలనిపించినా లేవకపోవడం, పిలవాలనిపించినా పిలవకపోవడం అతని ఉద్యోగం. అసలు టెన్షన్ అక్కడుంది.

ఇదంతా కేజీబీ, అంటే సోవియట్ గూఢచార సంస్థ, చేసుకున్న ప్రచారం కదా అంటారు కొందరు. అప్పటి కేజీబీ అధిపతి ఆంద్రోపొవ్ అండ ఉన్న మాట నిజమే. ఆయన డిప్యూటీ స్విగూన్ మారుపేరుతో సలహాదారుగా పనిచేశాడు, టైటిల్స్‌లో ఆ పేరే పడుతుంది. అయితే ఏమిటి? ప్రచారమే కావాలనుకుంటే హీరో పది మందిని కొట్టే సీన్ పెట్టుకునేవాళ్ళు. తన మనిషిని గుర్తుపట్టనట్టు కూర్చున్న హీరోని చూసి గూఢచారి ఉద్యోగం మీద ఎవరికైనా ఆశ పుడుతుందా? నాకైతే భయం వేసింది.

మిగతా సీరియల్ కూడా ఈ పద్ధతిలోనే ఉంటుంది. ష్టిర్లిట్స్‌కు సాయపడే ప్రొఫెసర్ ప్లీష్నర్ చనిపోయే ఘట్టం చూడండి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రహస్య ఇంటి కిటికీలో పూలకుండీ కనపడితే ఇల్లు శత్రువు చేతిలో పడ్డట్టు గుర్తు. నాజీల జైలు చూసి వచ్చిన ముసలాయన స్వేచ్ఛగా తిరుగుతున్న ఆనందంలో ఆ కుండీని పట్టించుకోడు. యెవ్‌గేనీ యెవ్‌స్తిగ్నేయెవ్ ఆ పాత్రని ఎంత సంతోషంగా నడిపిస్తాడంటే, మనకి అరవాలనిపిస్తుంది. ఆ బెర్న్ వీధి నిజానికి లాత్వియాలోని రీగా నగరంలో ఉంది, పేరు యౌనియెలా. తర్వాత నాజీ రహస్య పోలీసు గెస్టపో అధిపతి ముల్లర్‌గా వేసిన లియొనీద్ బ్రొనెవోయ్. యూనిఫాం కాలరు బిగుతై మాటిమాటికీ మెడ తిప్పుకునేవాడట. లియోజ్నొవా దాన్ని అలాగే ఉంచేసింది. ఆ మెడ విదిలింపుతోనే ముల్లర్ ఇప్పటికీ గుర్తుండిపోయాడు. తర్వాతి భాగాల్లో సోవియట్ గూఢచారుల రేడియో పెట్టె మీద ష్టిర్లిట్స్ వేలిముద్రలు దొరుకుతాయి. ముల్లర్ అతన్ని నేలమాళిగలో కూర్చోబెడతాడు. అక్కడ ష్టిర్లిట్స్ చేసేదల్లా అగ్గిపుల్లలు బల్ల మీద పేరుస్తూ ఆలోచించడమే. బాంబు దాడి తర్వాత వీధిలో ఎవరో ఆడమనిషికి సామాన్లు అందించాను, ఆ పెట్టె అందులోదే అయి ఉంటుంది అనే ఒక్క జవాబు దొరికేదాకా మనమూ అతనితో పాటు ఊపిరి బిగబట్టి కూర్చుంటాం.

చూసేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2009లో దీనికి రంగులు పూసి, ఒక్కో భాగాన్నీ కుదించి మళ్ళీ వేశారు. అది చూడకండి. మాయాబజార్‌కు 2010లో రంగులు వేస్తే నేను సంతోషంగా హాల్లో చూశాను. అది రాక్షసులు, లడ్డూలు, మాయలు ఉన్న కథ, రంగు దానికి నప్పింది. ఇక్కడ అలా కాదు. లియోజ్నొవా కథ మధ్య మధ్యలో యుద్ధకాలపు నిజం న్యూస్‌రీళ్ళు కలిపింది. అన్నీ నలుపు తెలుపు కాబట్టే కథ ఎక్కడ ఆగి చరిత్ర ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు. ముఖాలకు రంగు పూయగానే ఆ అతుకు విప్పుకుంటుంది. పైగా కుదించడమేమిటి? నిశ్శబ్దం మీద నిలబడ్డ సీరియల్‌లో కుదించేవాడి కత్తెర మొదట పడేది ఆ నిశ్శబ్దం మీదే.

కాబట్టి పాత నలుపు తెలుపు ప్రతే వెతుక్కోండి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుంది. నేరుగా మూడో భాగానికి పోకండి, మొదటి రెండూ చూస్తేనే ష్టిర్లిట్స్ చుట్టూ ఎవరెవరు కాపు కాస్తున్నారో తెలుస్తుంది. ఫోన్‌లో చూడొద్దు, టీవీలో పెట్టుకోండి, రాత్రి పూట, ఇంట్లో వాళ్ళు కూడా ఉంటే ఇంకా మంచిది. మొదటి భాగం నెమ్మదిగా అనిపిస్తే ఆపకండి. రెండో భాగం సగానికి వచ్చేసరికి ఆ నడక మీకు అలవాటవుతుంది.