కట్టుడు పళ్ళు చిగురుని ఒరుస్తున్నాయి, తీసి పక్కన పెట్టేయాలా?

సెట్టు పెట్టించుకుని నాలుగు రోజులైంది, మాట తడబడుతోంది, చిగురు ఒకచోట ఒరుసుకుపోయి మండుతోంది, తీసి డబ్బాలో పడేయాలనిపిస్తోంది అని రాశారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, నేను చేసి నష్టపోయాను. నాకు కింది దవడలో రెండు వైపులా కొన్ని పళ్ళు పోతే తీసి పెట్టుకునే సెట్టు చేయించారు. వారం తిరక్కుండానే విసుగొచ్చి పక్కన పెట్టేశాను. రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ పెట్టుకోబోతే కూర్చోలేదు. ఖాళీ ఉన్న వైపుకి మిగతా పళ్ళు మెల్లగా ఒరుగుతాయట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ కొలతలు, మళ్ళీ కొత్త సెట్టు.

మంట ఓర్చుకోవాల్సిన విషయం కాదు. కొలత ఎంత బాగా తీసుకున్నా నమిలేటప్పుడు ఒత్తిడి ఎక్కడ పడుతుందో వాడితేనే బయటపడుతుంది, డెంటిస్ట్ ఆ ఒక్కచోట కాస్త అరగదీస్తే చాలావరకు తగ్గిపోతుంది. మరీ నొప్పిగా ఉంటే కాసేపు తీసి ఉంచండి కానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు మాత్రం కొన్ని గంటలు పెట్టుకోండి. చిగురు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తేనే ఎక్కడ అరగదీయాలో వాళ్ళకి తెలుస్తుంది. కొత్త సెట్టుకి నేను మొదటిసారి రెండు రోజులు తీసేసి వెళ్ళాను, మచ్చ మానిపోయి ఉంది, ఊరికే తిరిగొచ్చాను. మొత్తం మూడుసార్లు వెళ్ళాక సర్దుకుంది. ఇంట్లో మీరే గీకడం, క్లిప్పులు (సెట్టుని సొంత పళ్ళకి పట్టి ఉంచే లోహపు కొక్కేలు) వంచడం, విరిగితే జిగురు పెట్టి అతికించడం అస్సలు వద్దు.

నోట్లో నీళ్ళూరడం కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మాటకి నేను చేసింది ఒక్కటే, రోజూ పావుగంట ఏదో ఒకటి గట్టిగా చదవడం. స, శ వచ్చే మాటలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి, మూడో వారానికి ఎదుటివాళ్ళు గమనించడం మానేశారు. తినేటప్పుడు మెత్తటివి, చిన్న ముక్కలు, రెండు వైపులా సమానంగా నమలండి. ఒకవైపే నమిలితే రెండోవైపు లేచిపోతుంది. ఇంకోటి, సెట్టుని పళ్ళతో కొరికి లోపలికి నొక్కకండి, వేళ్ళతో పెట్టుకోండి, లేకపోతే క్లిప్పులు వంగిపోతాయి.

ఇక శుభ్రం. అందరూ సెట్టు గురించే అడుగుతారు, నాకైతే దాన్ని పట్టుకుని ఉన్న సొంత పళ్ళ గురించే ఎక్కువ బెంగ. క్లిప్పు తగిలే చోట తిండి ఇరుక్కుని పాచి పడుతుంది. కొత్త సెట్టు వచ్చిన రెండో ఏడాది నాకు సరిగ్గా క్లిప్పు కిందే పన్ను పుచ్చింది, లక్కీగా ముందే చూశారు కాబట్టి ఫిల్లింగ్‌తో సరిపోయింది. ఆ పన్నే ఊడిపోతే సెట్టుకి ఆధారం ఉండదు కదా! అందుకే తిన్న ప్రతిసారీ సెట్టు తీసి కడుగుతాను, నోరు పుక్కిలిస్తాను, రాత్రి క్లిప్పు పట్టుకునే పళ్ళని విడివిడిగా, నాలుక వైపు, ఖాళీ వైపు కూడా బ్రష్ చేస్తాను.

సెట్టుకి వేరే మెత్తటి బ్రష్, కొంచెం మామూలు సబ్బు చాలు. టూత్‌పేస్ట్ వాడితే సన్నటి గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మళ్ళీ పాచి చేరుతుంది. వేడినీళ్ళలో వేస్తే ఆకారం మారిపోవచ్చు, బ్లీచ్ లోహాన్ని పాడుచేస్తుంది. కడిగేటప్పుడు సింకులో టవలు పరవండి, చెయ్యి జారినా విరగదు. రాత్రి తీసి మంచినీళ్ళలో ఉంచండి, పొద్దున కడిగి పెట్టుకోండి. తీయకుండా పడుకుంటే చిగుళ్ళకి విశ్రాంతి ఉండదు, కింద ఎర్రబడి ఫంగస్ చేరే అవకాశం కూడా ఎక్కువ. ఎప్పుడైనా మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి వస్తే సెట్టు ఉందని ముందే చెప్పండి.

మీరు రేపే డాక్టర్‌కి ఫోన్ చేసి అరగదీయించుకోవాలని చెప్పండి. ఈ రాత్రికి తీసి నీళ్ళలో ఉంచండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు కొన్ని గంటలు పెట్టుకుని, దాంతోనే వెళ్ళండి.